ఆ గుర్తు తీసే ముందు ఆ మలుపు చూడండి

రోడ్డు మీద మనిషి ప్రాణం పోయాక ఆ చోటు ఎంత తొందరగా మామూలైపోతుందో చూస్తే నాకు గుండె చివుక్కుమంటుంది. అంబులెన్స్ వెళ్లిపోతుంది. పోలీసులు కొలతలు తీసుకుంటారు, ఫోటోలు తీస్తారు. క్రేన్ వచ్చి నుజ్జయిన బండిని లాక్కెళ్తుంది. కారిన ఆయిల్ మీద ఇసుక చల్లి, గాజు పెంకులు పక్కకు ఊడ్చి, ఆపిన ట్రాఫిక్‌ను వదులుతారు. ఇవన్నీ చేయాల్సిన పనులే, ఆలస్యమైతే వెనక ఇంకో యాక్సిడెంట్ అవుతుంది. కానీ మర్నాడు పొద్దున అటుగా వెళ్లేవాళ్లకి అక్కడేం జరిగిందో తెలిసే దారి ఉండదు. మనిషి పోయాడు, మలుపు మాత్రం నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది.

ఇంట్లోవాళ్లు వచ్చి అక్కడ ఒక ఫోటోనో, నాలుగు పూలో, చిన్న రాయో, కొయ్యో పెట్టి వెళ్లేది అందుకే. ఈ గుర్తుల్ని ఉండనివ్వాలా, తీసేయాలా అనే వాదన చాలా దేశాల్లో ఏళ్ల తరబడి నడుస్తోంది. నా పక్షం ఏదో ముందే చెప్పేస్తాను. వాటిని ఉండనివ్వాలి. అంతటితో ఆగకుండా, రోడ్డు చూసుకునే శాఖ అలాంటి ప్రతి గుర్తునూ తనకు రాతపూర్వకంగా అందిన ఫిర్యాదుగా తీసుకోవాలి. ఆ చోట లోపమేమిటో చూసి, సరిచేసి, ఆ తర్వాతే దాన్ని తీసే సంగతి ఆ కుటుంబంతో మాట్లాడాలి.

నాకింత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. కాలేజీ రోజుల నుంచి నాతో ఉన్న స్నేహితుడు ఒకడు రాత్రిపూట బైక్ మీద ఇంటికి వస్తూ, ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దుకుని చనిపోయాడు. లారీకి వెనక లైట్లు వెలగడం లేదు. రిఫ్లెక్టర్లు మట్టికొట్టుకుపోయి ఉన్నాయి. అక్కడ లారీలు నిలుపుకోవడానికి పక్కన జాగా లేదు కాబట్టి డ్రైవర్లు రోడ్డు మీదే ఆపి నిద్రపోతారు. లైటు స్తంభం ఉంది, లైటు లేదు. వార్తలో మాత్రం అతివేగమే కారణమని ఒక్క ముక్క రాశారు.

వాళ్లమ్మగారు, చెల్లెలు కలిసి అక్కడి క్రాష్ బ్యారియర్ స్తంభానికి వాడి ఫోటో కట్టారు. లామినేషన్ చేయించిన ఫోటో, బైండింగ్ వైరుతో రెండు చోట్ల బిగించింది. కొన్నాళ్లకు ఒక మూల నుంచి వాన నీళ్లు లోపలికి దిగి గడ్డం దగ్గర మరక పడింది. ఎండకు ఫోటోలో ఎరుపు ముందు వెలిసిపోయింది, ముఖం నీలంగా మారింది. ఫోటో కింద చెల్లెలు మార్కర్‌తో రాసిన అక్షరాలను మాత్రం ప్రతిసారీ మళ్లీ దిద్దేది. "ఇక్కడ రాత్రి లారీలు ఆపుతారు. లైటు లేదు. మా అన్నయ్య ఇక్కడే పోయాడు." అంతే రాసింది. ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. కానీ ఆ మూడు వాక్యాల్లో పోలీసు రిపోర్టులో లేనిదంతా ఉంది.

ఒకరోజు వెళ్లేసరికి ఫోటో లేదు. తెగిన వైరు ముక్క స్తంభానికి వేలాడుతోంది. కనుక్కుంటే, రోడ్డు హద్దుల్లో అనుమతి లేని బోర్డులేవీ ఉండకూడదని పైనుంచి ఆర్డరు వచ్చిందన్నారు. వాళ్లమ్మగారు నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఫోటోదేముంది నాన్నా, ఇంకోటి తీయించుకుంటాను. మా అమ్మాయి రాసిన మాట ఎందుకు తీసేశారు?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన రూల్ నాకింతవరకు ఏ దేశంలోనూ కనపడలేదు. రూల్స్ అన్నీ ఫోటో గురించీ, పూల గురించీ, సైజు గురించీ, ఎన్నాళ్లు ఉంచాలన్న దాని గురించీ మాట్లాడతాయి. చనిపోయినవాళ్ల తరఫున ఆ చోటు చెబుతున్న సంగతి గురించి ఒక్కటీ మాట్లాడదు.

సమాధి దగ్గరికి వెళ్తే మనిషి పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు తెలుస్తాయి. ఎలా పోయారో తెలియదు, తెలియాల్సిన చోటు కూడా అది కాదు. రోడ్డు పక్కన పెట్టిన గుర్తు పని వేరు. అది మనిషినీ చోటునూ కలిపి చూపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రోడ్ల మీద ఏటా సుమారు 11.9 లక్షల మంది చనిపోతున్నారు. 5 నుంచి 29 ఏళ్ల మధ్యవాళ్ల మరణాలకు మొదటి కారణం ఇదే. రోజుకు మూడు వేల పైచిలుకు. ఒక విమానం కూలితే దర్యాప్తు సంఘం కూర్చుంటుంది. రికార్డర్లు వెతికి తీస్తారు, శకలాలన్నీ పేర్చి చూస్తారు, పైలట్ పొరపాటు చేశాడని తేలినా సరే, ఆ పొరపాటుకు తావిచ్చిందేమిటని అడుగుతారు. ఆ నివేదికతో విమానాల తయారీ మారుతుంది, శిక్షణ మారుతుంది. రోడ్డు మీద మనుషులు ఒక్కొక్కరుగా, ఒక్కో చోట పోతారు కాబట్టి ఆ ప్రశ్న అడిగే సందర్భమే రాదు. ఎవరి కేసు వాళ్లది. ఎవరి తప్పో ఒకరి తప్పని రాసి ఫైలు మూసేస్తారు. అదే చోట వచ్చే ఏడు ఇంకొకరు పోతే అది ఇంకో ఫైలు. ఆ రెండు ఫైళ్లనూ ఒక చోట పెట్టి చూపించగలిగేది, చాలాసార్లు, ఆ మలుపులో పక్కపక్కనే నిలబడ్డ రెండు గుర్తులే.

పాత రోజుల్లో ఈ సంగతి జనానికి బాగా తెలుసనిపిస్తుంది. ఆస్ట్రియాలోనూ, జర్మనీలోని బవేరియాలోనూ కొండదారుల పక్కన మార్టర్ల్ అనే చిన్న పలకలు కనిపిస్తాయి. మనిషి చనిపోయిన చోటే నిలబెట్టిన పలక, దాని మీద ఒక బొమ్మ, కింద రెండు మూడు పంక్తులు. చెట్టు నరుకుతుంటే మీద పడిందనో, బండి బోల్తా కొట్టిందనో, మంచు చరియ కింద చిక్కుకున్నాడనో వివరంగా ఉంటుంది. చివరి ఘడియల్లో జరగాల్సిన మతకర్మలు అందకుండా పోయాడు కాబట్టి దారినపోయేవాళ్లు ఆ ఆత్మ కోసం ప్రార్థించాలన్నది అసలు ఉద్దేశం. కానీ ఆ పలక చదివినవాడికి ప్రార్థనతోపాటు ఇంకోటి కూడా అందుతుంది: ఈ వాలు దగ్గర బండ్లు తిరగబడతాయి. ఎలా పోయాడో రాయడం మొదటి నుంచీ ఈ ఆచారంలో భాగమే.

తర్వాత కార్లు వచ్చాయి. న్యూయార్క్‌లో 1899 సెప్టెంబర్ 13న హెన్రీ బ్లిస్ అనే ఆయన ట్రామ్ దిగుతుండగా ఒక ఎలక్ట్రిక్ టాక్సీ గుద్దింది. మర్నాడు చనిపోయారు. అమెరికాలో మోటారు వాహనం వల్ల జరిగిన మొదటి మరణంగా దీన్ని లెక్కిస్తారు. డ్రైవర్ మీద కేసు పెట్టారు, కావాలని చేసింది కాదని వదిలేశారు. ఆయన పడిపోయిన వీధిలో ఒక ఫలకం పెట్టడానికి సరిగ్గా నూరేళ్లు పట్టింది. 1999 సెప్టెంబర్ 13న పెట్టారు.

ఈ నూరేళ్ల మధ్య జరిగింది ఇంకా ముఖ్యం. 1920లలో అమెరికా నగరాల్లో వీధి అంటే పిల్లలు ఆడుకునే చోటు కూడా. కార్ల కింద పడి పిల్లలు చనిపోతుంటే అది ఆ తల్లిదండ్రుల ఇంటి గొడవగా ఎవరూ అనుకోలేదు. ఊరు ఊరంతా కదిలింది. 1922లో బాల్టిమోర్‌లో, 1923లో సెయింట్ లూయిస్‌లో, చనిపోయిన పిల్లల కోసం బహిరంగంగా స్మారకాలు నిలబెట్టారు. తొందరకూ నిర్లక్ష్యానికీ పిల్లల్ని బలి ఇస్తున్నామని సెయింట్ లూయిస్ స్మారకం మీద బాహాటంగా చెక్కించారు. ఆ పదేళ్లలోనే గాలి తిరిగింది. కార్ల పరిశ్రమ, కార్ల యజమానుల క్లబ్బులు పూనుకుని, అడ్డంగా నడిచేవాడిదే తప్పు అన్న మాటను బడి పిల్లల దాకా ప్రచారం చేశాయి. వీధి బండ్లదైపోయింది. చనిపోయినవాడు జాగ్రత్తలేనివాడైపోయాడు. ఊరి దుఃఖం ఒక ఇంటి దుఃఖంగా కుంచించుకుపోయింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించేది ఈ మార్పే, ఎందుకంటే ఇవాళ్టి వాదనంతా దాని మీదే నడుస్తోంది. రోడ్డు మీద చావు సొంత విషయమైతే, సొంత విషయాన్ని ప్రభుత్వ స్థలంలో పెట్టడమేమిటని అడగడం తేలిక.

ప్రభుత్వాలూ, సంఘాలూ గుర్తులు పెట్టిన చోట కూడా ఈ నీడ కనిపిస్తుంది. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో మాజీ సైనికుల సంఘం 1953 నుంచి ప్రమాద మరణం జరిగిన చోటల్లా చిన్న తెల్ల శిలువ పెడుతోంది. మనిషికి ఒకటి. ఒకే స్తంభానికి నాలుగైదు శిలువలున్న మలుపులు కూడా ఉన్నాయి. పేరు ఉండదు, నీతి బోధ ఉండదు, సంఖ్య మాత్రం కళ్లముందు ఉంటుంది. నాకది నచ్చింది. ఫ్లోరిడాలో శాఖవాళ్లే తెల్లటి గుండ్రటి పలక ఇస్తారు. దాని మీద పైన "జాగ్రత్తగా నడపండి" అనీ, కింద ఫలానావారి స్మృతిలో అనీ రాసి ఉంటుంది. సౌత్ డకోటాలో ప్రాణం పోయిన చోట నిలబెట్టే బోర్డు మీద "ఎందుకు చావడం?" అని అడుగుతారు.

ఆ ప్రశ్న ఎవరిని అడుగుతున్నారు? రోడ్డు దాటుతూ బండి కింద పడిన ముసలావిడను అడుగుతున్నారా? ఎదురుగా డివైడర్ దాటి వచ్చిన లారీ కింద నలిగిపోయిన కుటుంబాన్నా? జాగ్రత్తగా నడిపినవాళ్లు కూడా చనిపోతారు, రోజూ చనిపోతున్నారు. చనిపోయిన మనిషి పేరును తీసుకెళ్లి ఒక హెచ్చరిక బోర్డుకు అతికిస్తే, తప్పు ఆ మనిషిదేనన్న అర్థం చెప్పకుండానే వచ్చేస్తుంది. రోడ్డు వేసినవాళ్లు, లైటు వెలిగించాల్సినవాళ్లు, లారీకి ఫిట్‌నెస్ ఇచ్చినవాళ్లు ఆ వాక్యంలో ఎక్కడా ఉండరు.

సెయింట్ లూయిస్ పేరు మళ్లీ 2003లో వినిపించింది. ఒక కారు సైకిల్‌ను గుద్దడం చూసిన ఒకాయన, పాడైపోయిన సైకిల్‌కు తెల్ల రంగు వేసి, "సైకిల్ మీద వెళ్లేవాణ్ణి ఇక్కడ గుద్దారు" అని రాసి అక్కడ పెట్టాడు. డ్రైవర్లు దాన్ని చూసి నెమ్మదించడం గమనించి స్నేహితులతో కలిసి మరికొన్ని చోట్ల పెట్టాడు. ఘోస్ట్ బైక్ అనే పేరుతో అది ఎన్నో దేశాలకు పాకింది. పిల్లల స్మారకం కట్టిన ఊళ్లోనే, ఎనభై ఏళ్ల తర్వాత, ఊరి దుఃఖం మళ్లీ వీధిలోకి వచ్చింది. ఈ తెల్ల సైకిల్‌లోని బలం దాని మీది వాక్యంలోనే ఉంది. జాగ్రత్త అని చెప్పదు, ప్రార్థించమనదు. ఇక్కడ ఇది జరిగింది అంటుంది. 2010లో న్యూయార్క్ నగరం వదిలేసిన సైకిళ్లను ఎత్తేసే రూల్ తెస్తూ వీటిని కూడా అందులో కలపబోయింది. జనం గట్టిగా అడ్డం తిరిగాక వీటిని మినహాయించింది.

ఇక అభ్యంతరాల సంగతి. వాటిలో కొన్ని నిజంగా బరువైనవే. డ్రైవర్ల దృష్టి మళ్లుతుందన్నది అందరూ ముందు చెప్పేది. కెనడాలోని కాల్గరీలో పరిశోధకులు దీన్ని ఊహకు వదలకుండా పరీక్షించారు. సిగ్నల్ కూడళ్ల దగ్గర ఉత్తుత్తి స్మారకాలు పెట్టి, ఆరు వారాల ముందూ ఆరు వారాల తర్వాతా రెడ్ లైట్ దాటిన బండ్లను లెక్కించారు. స్మారకాలు పెట్టిన కూడళ్లలో ఉల్లంఘనలు దాదాపు 17 శాతం తగ్గాయి, పోల్చి చూడటానికి తీసుకున్న కూడళ్లలో దాదాపు అంతే పెరిగాయి. ఫ్రీవే మీద పెట్టినప్పుడు మాత్రం బండ్ల వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒక నగరంలో చేసిన ప్రయోగమే, నిజం. దీన్ని పట్టుకుని స్మారకాలు ప్రాణాలు కాపాడతాయని నేను అనను. కానీ దృష్టి మళ్లించి ప్రాణాలు తీస్తాయన్న మాటకు కూడా ఇందులో ఆధారం లేదు. అంతకంటే ఎన్నో రెట్లు పెద్దవైన, వెలుగుతూ ఆరుతూ ఉండే ప్రకటనల బోర్డులకు అనుమతులిచ్చే శాఖలు ఒక ఫోటో గురించి ఈ మాట అంటే నాకు కోపం వస్తుంది.

గట్టి వస్తువుల గురించిన అభ్యంతరాన్ని మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. రోడ్డు అంచుకు దగ్గరగా గ్రానైట్ రాయి పాతినా, ఇనుప కమ్మీతో సిమెంట్ దిమ్మె కట్టినా, అదుపు తప్పిన బండి వచ్చి దానికే కొట్టుకుంటుంది. సూచిక బోర్డుల స్తంభాల్ని సైతం గుద్దితే విరిగిపోయేలా తయారుచేయడం, రోడ్డు పక్కన కొంత మేర ఏ అడ్డూ లేకుండా ఉంచడం ఇంజనీర్లు ఎన్నో చావులు చూశాక నేర్చుకున్న విషయం. ఒకరి గుర్తు ఇంకొకరి ప్రాణం తీయకూడదు. అలాగే ఎక్స్‌ప్రెస్‌వే అంచున నిలబడి పూలు మార్చే తల్లిదండ్రుల ప్రాణానికి వచ్చే ముప్పు కూడా చిన్నది కాదు. అలాంటి రోడ్ల మీద శాఖవాళ్లే ఏడాదికి ఒకసారైనా లేన్ మూసి, వాళ్లను తీసుకెళ్లి తీసుకురావాలి. పెయింట్ వేయడానికి లేన్ మూయగలిగినవాళ్లు దీనికీ మూయగలరు.

మతం గొడవ తేల్చడం అంత కష్టమేమీ కాదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో విధి నిర్వహణలో చనిపోయిన హైవే పోలీసుల కోసం ప్రభుత్వ స్థలాల్లో పన్నెండు అడుగుల శిలువలు పెడితే, కేసు నడిచి, అది ప్రభుత్వం ఒక మతాన్ని సమర్థించినట్టవుతుందని అప్పీలు కోర్టు 2010లో తీర్పు చెప్పింది. మరుసటేడు సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు. ప్రభుత్వం పెట్టేదానికి మతం ఉండకూడదు. కుటుంబం పెట్టేదానికి వాళ్ల నమ్మకం వాళ్లది. ఇంతకు మించి దీని మీద చర్చ అనవసరం.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసేది ఆ చోటు ఎదురింట్లో ఉండేవాళ్ల మాట. ఆ రాత్రి చప్పుడు విని మొదట పరిగెత్తుకొచ్చింది వాళ్లే. నీళ్లు పట్టింది వాళ్లే. రోజూ కిటికీ తెరిస్తే ఆ ముఖమే కనిపిస్తుంటే వాళ్లకు నిద్ర పట్టదు. వాళ్ల బాధను కాదనడానికి నా దగ్గర వాదన లేదు. ఇలాంటప్పుడు కుటుంబం వెళ్లి వాళ్లతో మాట్లాడాలి. కొంచెం పక్కకు జరపడం, ఫోటో బదులు పేరు మాత్రం ఉంచడం లాంటివి మాటల్లో తేలతాయి. ఎక్కడో ఆఫీసులో కూర్చుని తొంభై రోజులనో ఏడాదనో పెట్టిన గడువు ఈ పని చేయలేదు.

చోటు మార్చేస్తే సరిపోతుందనేవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రం 2007లో స్మిర్నా దగ్గర హైవే విశ్రాంతి కేంద్రంలో ఒక తోట పెట్టి, రోడ్ల మీద చనిపోయినవాళ్ల పేర్లు ఇటుకల మీద చెక్కించే ఏర్పాటు చేసింది. మంచి మనసుతో చేసిందే, అక్కడికి వెళ్లి కూర్చునేవాళ్లకు ఊరట కూడా దొరుకుతుంది. కానీ ఆ ఇటుకను చూసినవాళ్లకు ఆ మనిషి ఏ మలుపులో పోయాడో తెలియదు. పేరు మిగిలింది, చోటు పోయింది. జనానికి చోటు ఎంత ముఖ్యమో పారిస్‌లో చూశాం. 1997 ఆగస్టు 31న బ్రిటన్ యువరాణి డయానా కారు ప్రమాదంలో చనిపోయిన సొరంగం పైన అప్పటికే ఒక బంగారు జ్వాల బొమ్మ ఉంది. వేరే సందర్భంలో 1989లో పెట్టింది, ఆమెకు దానితో సంబంధమే లేదు. జనం దాని దగ్గరే పూలు పెట్టారు, ఏళ్ల తరబడి పెడుతూనే ఉన్నారు. చివరికి 2019లో నగరం ఆ కూడలికి ఆమె పేరే పెట్టింది.

గుర్తు పెట్టినంత మాత్రాన రోడ్డు బాగుపడుతుందని కూడా నేను అనుకోవడం లేదు. కాలిఫోర్నియాలో షోలామ్ అనే చిన్న ఊరి దగ్గర రెండు హైవేలు కలిసే చోట 1955 సెప్టెంబర్ 30న నటుడు జేమ్స్ డీన్ చనిపోయాడు. ఆయనతో చావులు ఆగలేదు. 1977లో ఒక జపాన్ అభిమాని అక్కడికి దగ్గర్లో మెరిసే ఉక్కుతో స్మారకం కట్టించాడు. 2005లో ఆ కూడలికి ఆయన పేరు పెట్టారు. ఆ కూడలి రూపాన్నే మార్చి, ఎడమవైపు తిరిగే బండి ఎదురొచ్చే బండికి అడ్డం రాకుండా ఫ్లైఓవర్ కట్టే పని మొదలైంది మాత్రం 2020లు వచ్చాకే. ప్రపంచమంతా తెలిసిన మనిషి పోయిన చోటే ఇంతకాలం పడితే, పేరు లేనివాళ్లు పోయిన మలుపుల గతి ఏమిటో ఆలోచించండి. గుర్తు వెనక దాన్ని చదవాల్సిన బాధ్యత ఎవరిదో కాగితం మీద లేకపోతే జరిగేది ఇదే.

బాధ్యత పడితే ఏం జరుగుతుందో నెదర్లాండ్స్‌లో తెలిసింది. 1971లో ఆ దేశపు రోడ్ల మీద దాదాపు 3,300 మంది చనిపోయారు, వాళ్లలో నాలుగు వందలకు పైగా పిల్లలు. తన చిన్న కూతురు అలా పోయిన ఒక పాత్రికేయుడు 1972లో, పిల్లల హత్యలు ఆపండి అని పత్రికలో రాశాడు. ఆ మాటే ఉద్యమమైంది. తల్లిదండ్రులు రోడ్లకు అడ్డంగా కూర్చున్నారు, పిల్లలు సైకిళ్లతో వీధులు నింపారు. ఇళ్ల మధ్య వీధుల్లో బండ్లు మనిషి నడకతో సమానంగా వెళ్లేలా వీధుల్నే మళ్లీ గీశారు. సైకిళ్లకు వేరే దారులు వేశారు. ఇప్పుడక్కడ ఏడాదికి చనిపోయేవాళ్లు ఏడు వందలకు అటూ ఇటూ. దుఃఖం వీధిలో ఉండబట్టే ఇది సాధ్యమైంది. దాన్ని ఇళ్లలోకి పంపించేసి ఉంటే అయ్యేది కాదు.

గుర్తు కూడా దక్కనివాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. రోడ్ల మీద చనిపోయేవాళ్లలో సగానికి పైగా నడిచేవాళ్లు, సైకిళ్లు, మోటారు సైకిళ్ల మీద వెళ్లేవాళ్లే. పది మరణాల్లో తొమ్మిది పేద, మధ్యస్థ ఆదాయ దేశాల్లోనే. వీళ్లలో పని వెతుక్కుంటూ దూరం నుంచి వచ్చినవాళ్లు ఎంతమందో. వాళ్ల కుటుంబం ఆ చోటుకు ఎప్పటికీ రాలేకపోవచ్చు. కుటుంబాల చేతికే వదిలేస్తే ఉన్నవాళ్లకు, దగ్గరివాళ్లకు, చదువుకున్నవాళ్లకు గుర్తులుంటాయి, మిగతావాళ్లకు ఉండవు. అందుకే శాఖ కూడా తన వంతు పెట్టాలంటాను. పోలండ్‌లో ప్రమాదాలు ఎక్కువగా జరిగే చోట్ల, అక్కడ ఎంతమంది చనిపోయారో, ఎంతమంది గాయపడ్డారో అంకెలతో బోర్డులు పెట్టారు. ఫ్రాన్స్‌లో చనిపోయినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో మనిషెత్తు నల్లటి బొమ్మను రోడ్డు పక్కన నిలబెట్టారు. ఎవరూ లేని మనిషికి కూడా అందులో చోటుంది. దానికి ఒక్క పంక్తి కలిపితే చాలు: ఈ మరణాల తర్వాత ఈ చోట ఏం మార్చామో తేదీతో సహా. ఏమీ మార్చకపోతే ఆ పంక్తి ఖాళీగానే ఉండాలి.

రేపో మాపో ఇలాంటి గుర్తు పెట్టాలనుకునే ఇంటివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కొన్ని మాటలు. పలచటి కొయ్య గానీ, ప్లాస్టిక్ షీటు గానీ వాడండి, రాయీ సిమెంటూ వద్దు. అంచుకు వీలైనంత దూరంగా, సిగ్నల్‌కూ సూచిక బోర్డుకూ అడ్డం రాకుండా పెట్టండి. వెలిగి ఆరే లైట్లు, బండి వెలుగుకు మెరిసే స్టిక్కర్లు పెట్టకండి, రాత్రి డ్రైవర్ వాటిని ఇంకేదో అనుకోవచ్చు. పగటిపూట వెళ్లండి, ఒకరు పని చేస్తుంటే ఇంకొకరు ఎదురొచ్చే బండ్లను చూస్తూ నిలబడాలి, పిల్లల్ని వెంట తీసుకెళ్లకండి. పేరుతోపాటు ఎలా జరిగిందో రెండు ముక్కలు రాయండి. అది ఫోటో తీసి, చోటు వివరాలు జతచేసి, రోడ్డు చూసుకునే శాఖకు అర్జీ ఇవ్వండి. పెట్టే రోజే ఇవ్వండి, తీసేశాక కాదు. అర్జీ ముట్టినట్టు తేదీ వేయించుకుని కాపీ దగ్గర పెట్టుకోండి.